మార్గళి సున్నం

మార్గళి నెల సగానికి వచ్చేసరికి సింగానల్లూరులో మా వీధి ఈ కొస నుంచి ఆ కొసదాకా సున్నం వాసన కమ్ముకునేది. కోవెల మైకులో తిరుప్పావై ఇంకా అయిపోకముందే, చెరువు మీద మంచు విడకముందే, ఎవరో ఒకరి పెరట్లో సున్నపురాళ్ళ మీద నీళ్ళు పోసేవాళ్ళు. ఆ చిటపటలు, ఆ ఆవిరి, ముక్కును కాస్త మండించే ఆ వేడి వాసన ప్రహరీ దాటి వచ్చి దుప్పటి కింద ముడుచుకున్న మాకు పొంగలి దగ్గరపడిందని చెప్పేవి. ఇవాళ మా ఇంటి రెండు ముందుగదులకి వాల్‌పేపర్ అంటించాలని పిల్లలు అనుకుంటూ ఉంటే, ఆ మాటల మధ్య కూర్చున్న నాకు ఆ సున్నం రోజులే కళ్ళముందు కదులుతున్నాయి. మీరు ఏ ఊళ్ళో పుట్టినా, ఏదో ఒక పండగ ముందు ఏదో ఒక గోడ తడితడిగా ఉండగా దాన్ని తాకి, చేతికి తెలుపు అంటించుకుని, తిట్లు తినే ఉంటారు.

అప్పటికి మా సింగానల్లూరు కోయంబత్తూరులో కలవలేదు. 1981లో కార్పొరేషన్‌లో కలిసిపోయింది గాని, అంతకుముందు తనకంటూ ఒక మునిసిపాలిటీ ఉన్న ఊరు. ఒక పక్క తిరుచ్చి రోడ్డు, ఇంకో పక్క నొయ్యల్ ఏటి నీళ్ళతో నిండే పెద్ద చెరువు, చుట్టూ పత్తిచేలు, జొన్నచేలు, నడుమ నడుమ నూలు మిల్లులు. మిల్లు సంగు ఊదితే అమ్మ పొయ్యి ముట్టించేది, మళ్ళీ ఊదితే చిన్నాయనకి కేరియరు కట్టేది. 1888లో స్టేన్సు దొర కోయంబత్తూరులో మొదటి మిల్లు పెట్టాడని, 1910లో కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్లు మొదలుపెట్టారని, 1930ల్లో పైకారా కరెంటు కొండ దిగి వచ్చాక ఇక మిల్లుకి పక్కన మిల్లు లేచిందని తాత తిన్నె మీద కూర్చుని చెబుతుండేవాడు. మా పెద్దలు ఏ రాయల కాలంలో దిగివచ్చారో, ఏ నాయకరాజుల దండు వెంట వచ్చారో రాసిపెట్టిన కాగితం మా ఇంట్లో లేదు. నల్లనేలలో కంబోడియా పత్తి వేసుకుని, వీధిలో అరవం, వాకిలి దాటితే తెలుగు మాట్లాడుకుంటూ బతికిన ఇల్లు మాది.

సున్నం కొట్టే పని రంగుతో మొదలయ్యేది కాదు, అవ్వ ఇల్లు తిరగడంతో మొదలయ్యేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఆకువక్క నోట్లో పెట్టుకుని, కొంగు బొడ్లో దోపి, ముందు తను, వెనక అమ్మ, చిన్నమ్మ, ఆ వెనక పిల్లలం, గది తర్వాత గదికి పోయేవాళ్ళం. గోడమీద అరచెయ్యి ఆనించి చెమ్మ చూసేది, బీటల్లో వేలు పెట్టి చూసేది, చెరువు ఒండ్రు తెచ్చి ఎక్కడెక్కడ మెత్తాలో చెప్పేది. అదంతా అయ్యాక ప్రతి గదిలోనూ ఒకటే అడిగేది, "ఈ ఏడు ఈ గదిలో ఎవురు పండుకుంటారు?" అని. ఆ జవాబు విన్నాకే రంగు మాట ఎత్తేది.

తాతకి కళ్ళకు పొర వచ్చిన ఏడు ఆయన గదికి నీలం చుక్క కూడా కలపకుండా పాలతెలుపు కొట్టించింది, బుడ్డిదీపం వెలుతురు గోడమీద పడి తిరిగొస్తే మంచం పక్కన చెంబు ఎక్కడుందో ఆయనకు కనబడాలని. పెద్దక్క మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చిన ఏడు ఆమె పడుకునే గదికి లేత పసుపు వేయించింది. చిన్నాయనకి మిల్లులో రాత్రి షిఫ్టు పడితే, పగలు నిద్రపోవాల్సిన మనిషని, తలుపు మూస్తే చీకటి పట్టేలా ఆ గదికి నీలం చిక్కగా కలపమనేది. "ఆ గోడకి ఎండ జాస్తి కొడతాది, ఇంకొంచెం వెయ్యిరా, ఏం కాదు" అని కొడుకు చేతిలో నీలం పొట్లం పూర్తిగా విదిలించేది. వంటిల్లు మాత్రం ఏ ఏడైనా ఉత్త సున్నమే, రెండు పూతలు. తేలు పాకినా బొద్దింక పాకినా దూరం నుంచే కనబడాలి కదా. దేవుడి గూడుకి రామరజ పసుపు. పిల్లలం పడుకునే వెనక గదికి, అన్ని కుండల్లోనూ అడుగున మిగిలినవి కలిపితే ఏ రంగు వస్తే అది. ఒక ఏడు లేతాకుపచ్చ, ఒక ఏడు పేరుపెట్టలేని బూడిదనీలం. పొద్దున లేచి ఆ ఏడాది రంగును చూసుకోవడం మాకు పండగలో పండగ.

సున్నపురాళ్ళు గోనెసంచుల్లో ఎడ్లబండి మీద వచ్చేవి. కోయంబత్తూరుకి దక్షిణాన మదుక్కరై పక్క నేలంతా సున్నపురాయే. అక్కడ 1934లోనే సిమెంటు ఫ్యాక్టరీ కట్టారు గాని మా వీధి గోడలదాకా సిమెంటు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది, అప్పటిదాకా బట్టీలో కాల్చిన రాయిదే రాజ్యం. కాల్చిన రాయి చేతిలోకి తీసుకుంటే ఇంత రాయి ఇంత తేలికా అనిపిస్తుంది. మంచు తగిలితే దానంతటదే పొడి అయిపోతుందని ఆ రాత్రి సంచుల్ని ఇంట్లోనే, వడ్లబస్తాల పక్కన ఉంచేవాళ్ళు. తెల్లారి పెరట్లో సగం కోసిన ఇనప పీపాలో రాళ్ళు పరిచి, చిన్నాయన దూరంగా నిలబడి చెంబుతో నీళ్ళు పోసేవాడు. మొదట ఏమీ జరగదు. రాళ్ళు నీళ్ళు తాగి ఊరుకున్నట్టే ఉంటాయి. ఆ తర్వాత ఎక్కడో అడుగున ఒక రాయి టప్పుమని పగులుతుంది, దాని పక్కది పగులుతుంది, చూస్తూ ఉండగానే పీపా మొత్తం తెర్లి, గుబగుబమని పొంగి, ఆవిరి ఇంటి కప్పుదాకా లేస్తుంది. పొయ్యి లేకుండా, పుల్ల వెలిగించకుండా నీళ్ళు అట్లా కాగడం చూసి మేం నోళ్ళు తెరిచేవాళ్ళం. కంట్లో పడితే చూపు పోతుందని అవ్వ మమ్మల్ని గడప దాటనిచ్చేది కాదు.

ఆ సున్నం ఒక రాత్రంతా ఊరి చల్లబడ్డాక తాత పాత పంచెలో వడగట్టేవాళ్ళు. వెన్న తీసినట్టు మెత్తగా దిగేది. అందులో అన్నం వార్చిన గంజి, నానబెట్టిన తుమ్మజిగురు, గుప్పెడు కల్లుప్పు వేసి కలిపితే, గోడకి వీపు ఆనించినా చొక్కాకి తెలుపు అంటదు. ఆ గంజి కోసం అమ్మ ముందు రోజుల నుంచే కుండలో దాచేది. జొన్నసంగటి ఎక్కువ, వరి అన్నం తక్కువ వండుకునే ఇల్లు కాబట్టి గంజి కూడా లెక్కచూసి వాడే వస్తువే. కుంచె కొనడమన్న మాటే లేదు. పచ్చి తాటిమట్ట కొసని రోకటిరాయి మీద పెట్టి నలగ్గొట్టి, పీచు విడిపించి నానబెడితే అదే కుంచె. రంగు కుదిరిందో లేదో చూడటానికి అవ్వ తడిగోడను నమ్మేది కాదు. ఒక పెంకుముక్క మీద పూసి పొయ్యిగట్టు మీద ఆరబెట్టి, ఆరాక చూసి, అప్పుడు తల ఊపేది. సున్నం తడిమీద ఉన్నప్పుడు మురికినీళ్ళు పూసినట్టే ఉంటుంది, గాలి తగిలి ఆరేకొద్దీ తెలుపు పైకి వస్తుంది. గాలిని పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుందని పెద్ద తరగతిలో మాస్టారు చెప్పినప్పుడు, గాలి ఆడేలా ఆ రెండ్రోజులూ అవ్వ కిటికీలన్నీ బార్లా తీయించింది అందుకేనని అర్థమైంది.

గోడకి కాగితం అంటించడం మా ఇంట్లో కొత్తేమీ కాదు. చిన్నాయన పనిచేసే మిల్లులో నూలు కట్టల మీద అంటించడానికి రంగురంగుల లేబుళ్ళు అచ్చువేయించేవాళ్ళు. వాటిమీద లక్ష్మి, కృష్ణుడు, ఏనుగు, నెమలి, అంచుల చుట్టూ బంగారు గీత. రంగు పక్కకి జరిగి పాడైనవాటిని అడిగి తెచ్చేవాడు. మైదాపిండి పలచగా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, పైన ఎత్తుగా ఒక వరుస, కింద మా చెయ్యి అందే ఎత్తున ఒక వరుస అంటించాడు. రెండు కళ్ళున్న చోట నాలుగు కళ్ళు కనబడే ఆ లక్ష్మిని చూస్తూనే నేను నిద్రపోయేది. సున్నం కొట్టే ముందు ఆ కాగితాల్ని తడిగుడ్డతో నానబెట్టి, చిరగకుండా ఊడదీసి, వేపచెట్టు కింద ఆరబెట్టి, మళ్ళీ అంటించాలి. ఆ పని పిల్లలది.

ముందుగదిలో కేలెండర్లు. ఏడాది అయిపోయినా దేవుడి బొమ్మని పారేసే ఇల్లు ఎక్కడుంటుంది? తేదీల కట్ట చించి, బొమ్మని మాత్రం మేకుకి తగిలించేవాళ్ళు. కోవిల్‌పట్టిలో స్టూడియో పెట్టుకుని బొమ్మలు గీసిన కొండయ్యరాజు (1898–1976) దేవుళ్ళు శివకాశి అచ్చుల్లో తమిళదేశమంతా గోడలెక్కారు. మా గోడమీద మీనాక్షి, మురుగన్ కూడా ఆయన చేతివే. గోడకి ఏ రంగు వెయ్యాలన్న వాదన వచ్చినప్పుడు తాత ఆ బొమ్మల్ని చూపించి, వాటిలో ఎరుపు, బంగారం ఇంత ఉన్నప్పుడు వెనకాల గోడ నిమ్మళంగా ఉండాలని అనేవాడు. చిన్నాయన వినేవాడు కాదు. టౌనులో ఎవరింట్లోనో చూసొచ్చి, అట్టముక్కలో తామరపువ్వు కోసి, గుడ్డ ఉండకి ఎర్రకావి అద్ది తన గది గోడ నడుమ బారుగా తామరల పట్టె దించాడు. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. అవ్వ దగ్గరికి పోయి, ఒక పువ్వు రేకు మీద వేలు పెట్టి, "పెండ్లి కావాల్సిన పిల్లోడి గది గదా, ఉండనీ" అంది.

ఆ అట్టముక్క విద్యకి మూలం మా పెదనాయన. సినిమా వాళ్ళు మద్రాసుకి తరలిపోకముందు సింగానల్లూరులో సెంట్రల్ స్టూడియో వెలుగు వెలిగింది. త్యాగరాజ భాగవతార్ నటించిన 'శివకవి' (1943), 'హరిదాస్' (1944) అక్కడే తీశారు. ఎంజీఆర్ మొదటిసారి హీరోగా వేసిన 'రాజకుమారి' (1947) కూడా అక్కడిదే. పడుచువాడుగా ఉన్నప్పుడు పెదనాయన అక్కడ సెట్టింగుల పనికి పోయేవాడు. కర్ర చట్రానికి గుడ్డ బిగించి, గుడ్డ మీద కాగితం అంటించి, కాగితం మీద రాతిగోడ, పాలరాతి స్తంభం, అంతఃపురం పూలతీగలు ఎట్లా దించేవాళ్ళో ఆయన చెబుతుంటే చలిమంట చుట్టూ కూర్చున్న వాళ్ళం కదిలేవాళ్ళం కాదు. మా తరానికి ఆ సందడి కథలుగానే దక్కింది గాని, గోడ అనేది మనిషి చేత్తో ఎట్లా కావాలంటే అట్లా కనబడుతుందన్న సంగతి ఆయన మాటల్లోనే మాకు తెలిసింది.

ఇల్లు తిరిగేటప్పుడు అవ్వ ముట్టుకోవద్దనే చోట్లు కొన్ని ఉండేవి. తలుపు వెనక బొగ్గుతో గీసిన చాకలి పద్దు తీరేదాకా అక్కడ కుంచె ఆడకూడదు. పాలగీతలు ముందు నోటుపుస్తకంలోకి ఎక్కాలి. గడప పక్కన మా ఎత్తులు గీసిన గీతలకైతే సున్నం మీదనుంచి పోయాక మళ్ళీ పలుగురాయితో అదే లోతులో గీసుకునేవాళ్ళం. తాత తిన్నె మీద కూర్చుని తల ఆనించే చోట ఆముదం మరక గోడలోకి ఇంకిపోయి ఉండేది. ఎన్ని పూతలు వేసినా కొన్నాళ్ళకి పైకి వచ్చేది. ఆయన పోయిన ఏడు చిన్నాయన నిచ్చెన అక్కడిదాకా తెచ్చి అవ్వ ముఖం చూశాడు. "వెయ్యి నాయనా, ఆయనకి శుభ్రంగా ఉండేదే ఇష్టం" అంది. వేశాడు. మేమందరం ఆ గోడవైపు చూడకుండా చుట్టూ తిరిగాం.

లోపలి పని అయ్యాక బయటి గోడకి అడుగున ఎర్రకావి, తెలుపు పట్టెలు. భోగినాడు పొద్దున పాత చాపలు, చీపుళ్ళు బయటపడేసి, సాయంత్రం చూరుకి వేపాకు, తంగేడుపూలు, తెల్లటి పూళప్పూలు కలిపి కాప్పు కట్టేవాళ్ళు. కొంగునాట్లో కాప్పు కట్టని చూరు ఉండదు. కొత్త సున్నం మీద ఆ తంగేడు పసుపు పడితే ఎంత కళో చూసినవాళ్ళకే తెలుసు. కుండల్లో మిగిలిన నీలం, కావి మాట్టుపొంగలి నాడు ఎడ్ల కొమ్ములకి పోయేవి. చిన్నాయన గది నీలమే మా ఎర్ర ఎద్దు కొమ్ముల మీద కూడా ఉండేది, ఒక్క బొట్టు వృథా కాకుండా.

ఒక వేసవిలో తాత మమ్మల్ని మదురకి చుట్టాలింటికి తీసుకుపోయి తిరుమల నాయకుడి మహలు చూపించాడు. 1636లో కట్టిన ఆ మహలు స్తంభాలు మేం చేతులు కలిపి చుట్టినా అందలేదు. లోపల ఇటుక, పైన సున్నపు పూత, ఆ నునుపు కోసం కోడిగుడ్డు తెల్లసొన కలిపారని చెప్పుకుంటారు. తాత స్తంభం మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచాడు, సరిగ్గా అవ్వ ఇంట్లో చెమ్మ చూసినట్టే. "మన ఇంట్లో ఉండేదీ ఇదే సున్నం, రాజుగారి ఇంట్లో ఉండేదీ ఇదే సున్నం" అన్నాడు. ఆ మాటతో తిరుగు రైలెక్కిన మేం, ఆ పొంగలికి పీపాలో సున్నాన్ని ఎప్పటికన్నా భక్తిగా కలిపాం.

తర్వాత డిస్టెంపర్ వచ్చింది, ప్లాస్టిక్ పెయింటు వచ్చింది, ఏటేటా వెయ్యాల్సిన పని తప్పింది. అవ్వ లేదు, పీపా లేదు. ఇల్లు మాత్రం అటుపక్క కొత్త గదులు కలుపుకుని అక్కడే ఉంది. మొన్న వాల్‌పేపర్ పనివాడు వచ్చి గోడ గోకి చూసి, అడుగున ఉన్నది పాత సున్నం, పొడి రాలుతుంది, దీనిమీద కాగితం నిలవదు, మొత్తం గీకి, పట్టీ పెట్టి, ప్రైమరు కొట్టాకే అంటించాలి అన్నాడు. గీకుతుంటే పెంకులు పెంకులుగా ఊడింది. ఒక పెంకు తీసి అంచు చూస్తే పైన క్రీము రంగు డిస్టెంపర్, దానికింద తెలుపు, లేతాకుపచ్చ, చిక్కటి నీలం, మళ్ళీ తెలుపు, పసుపు, ఒక్కోటి గోరంత మందం కూడా లేదు. నేను మనవరాలిని పిలిచి ఒక్కో గీత చూపించి చెప్పాను: ఇది చిన్నతాత రాత్రి షిఫ్టు, ఇది మా అక్క కాన్పు, ఇది మా తాత కళ్ళ పొర. అది ఆ పెంకుని దూదిలో చుట్టి పెన్సిల్ పెట్టెలో దాచుకుంది.

ఆ సాయంత్రం కొట్టు నుంచి తెచ్చిన నమూనాల పుస్తకం కూడం నడుమ పరిచారు. వినైల్ కాగితాలు, గుడ్డ నేతలాగా ఉండేవి, ఆకులు, పక్షులు, ఇటుక గోడలు. కోడలు తడిగుడ్డతో తుడిస్తే పాడవనిది కావాలంది, కొడుకు పడమటి గోడ చెమ్మ సంగతి పనివాడిని అడిగాడు, నా అభిప్రాయం ఏమిటని అందరూ నావైపు చూశారు. నేను అవ్వ అడిగినదే అడిగాను: ఈ గదిలో ఎవరు పడుకుంటారు? ముందుగదుల్లో ఒకటి ఇక నుంచి మనవరాలిదన్నారు. అట్లయితే పుస్తకం దాని ఒళ్ళో పెట్టమన్నాను. అది తీరిగ్గా పేజీలు తిప్పి, మంచానికి ఎదురుగా ఉండే ఒక్క గోడకే కాగితమని, మిగతా మూడూ తెల్లగా ఉంచమని, ఆ కాగితం కూడా నీలమే కావాలని చెప్పింది. చదువుకుని కళ్ళు అలసినప్పుడు చల్లగా ఉంటుందట.

మీ ఇంట్లోనూ గోడలు మార్చే పని పడితే పుస్తకం తెరవకముందు ఒకసారి ఇల్లంతా తిరగండి. పెద్దవాళ్ళని, పిల్లల్ని వెంటేసుకుని, గోడమీద చెయ్యి పెట్టి, ఎండ ఎటు పడుతుందో, ఎవరి చూపు ఏ గోడమీద ఎక్కువసేపు ఉంటుందో అడిగి తెలుసుకోండి. సున్నమైనా, పెయింటైనా, సముద్రాలు దాటి వచ్చిన కాగితమైనా, ఒక మనిషి కోసం ఎంచిన రంగు ఆ మనిషికి ఇంట్లో తన చోటు తనకుందన్న ధైర్యం ఇస్తుంది. మిగలగొట్టిన రంగులు కలిపి పూసిన వెనక గదిలో పెరిగిన మాకు కూడా ఆ ధైర్యం దక్కింది. ఎందుకంటే ఆ మిగులు కూడా మాకోసమే ఉంచమని అవ్వ ముందే చెప్పి ఉంచేది.